కిల్వా: గాలి నిలబెట్టిన ఊరు

దార్ ఎస్ సలామ్ నుంచి దక్షిణంగా 300 కిలోమీటర్లు పోతే కిల్వా మసోకో. అక్కడ అనుమతి చీటీ రాయించుకుని తెరచాప పడవెక్కితే కాసేపట్లోనే పాత ఓడరేవు ఊరి శిథిలాలున్న దీవి, కిల్వా కిసివాని. టాంజానియాలో ఉద్యోగానికి వచ్చిన రోజు నుంచీ ఇక్కడికి రావాలని కొట్టుకుపోయాను.

నేరుగా పెద్ద మసీదుకే నడిచాను. పైకప్పు కొంత కూలింది, గుమ్మటాలు కొన్ని మిగిలాయి. గోడకి చెయ్యి ఆనిస్తే గరుకుగా తగిలింది. పగడపు రాయి! పువ్వుల్లాంటి గుర్తులు ఇంకా చెరగలేదు. సముద్రంలోంచి తీసిన కొత్తలో మెత్తగా ఉంటుంది, అప్పుడే చెక్కేసేవారు. గాలి తగిలాక గట్టిపడుతుంది. సున్నమూ ఆ రాయిని కాల్చి చేసిందే.

రాయి సముద్రానిది, సంపద గాలిది. ఈశాన్య గాలికి అరేబియా, గుజరాత్ వైపు నుంచి ఓడలొచ్చేవి. గాలి మళ్లగానే తిరిగిపోవాలి. ఒక్క సీజన్‌లో వచ్చి వెళ్లాలంటే దాదాపు కిల్వాయే హద్దు. అంతకన్నా దక్షిణానున్న సోఫాలా రేవు బంగారం అందుకే కిల్వా సుల్తానుల చేతుల మీదుగా సాగింది. వీళ్లు సొంతంగా రాగి నాణేలు కొట్టించుకున్నారు. 1331లో వచ్చిన యాత్రికుడు ఇబ్న్ బతూతా ఈ ఊరి అందాన్ని మెచ్చుకున్నాడు.

ఆయన చూసిన సుల్తాన్ అల్ హసన్ ఇబ్న్ సులేమాన్ కట్టించిన మహలే హుసూని కుబ్వా. 100కి పైగా గదులు, సముద్రం కనిపించే గట్టు మీద ఎనిమిది మూలల కొలను. అందులో ఇప్పుడు చుక్క నీరు లేదు. దారిలో మా అమ్మాయి లేత ఆకుపచ్చ పింగాణీ పెంకు చూపించింది. చైనా నుంచి వచ్చిన గిన్నె ముక్క. ముట్టుకోనివ్వకుండా వంగి చూసి వచ్చేశాం. బావోబాబ్ చెట్టు కనపడగానే మాత్రం, గోల్కొండ నయా ఖిల్లాలో ఉన్న చెట్టూ ఈ జాతిదేనని అమ్మాయికి చెప్పకుండా ఉండలేకపోయాను.

1502లో వాస్కో డ గామా వచ్చి కప్పం వసూలు చేశాడు. 1505లో పోర్చుగీసువాళ్లు ఊరిని దోచి కోట కట్టారు, ఏడేళ్లకే వదిలిపోయారు. బంగారం దారి మాత్రం కిల్వాకి మళ్లీ దక్కలేదు. 18వ శతాబ్దంలో ఊరు లేచింది గానీ, మనుషుల్ని బానిసలుగా అమ్మి. ఆ లేవడాన్ని వైభవం అనడానికి నాకు నోరు రాదు.

తిరిగొస్తూ గెరెజా దగ్గర ఆగాం. పోర్చుగీసు కోట ఉన్నచోటే ఒమానీలు తర్వాత కట్టుకున్న కోట. సముద్రం వైపు గోడని అలలు కోసేశాయి. కోతని ఆపడానికి ఒడ్డున మడ మొక్కలు నాటారు. ఆటు సమయం, బురదలో వేళ్లు బయటికి తేలి ఉన్నాయి. మా అమ్మాయి ఒక్కో మొక్కనీ లెక్కపెడుతుంటే, పడవ సరంగు తొందరపెట్టకుండా తెరచాప దించి కూర్చున్నాడు.