బొర్రెగో కొండల్లో అడవి పొట్టేళ్లు

శాండియాగో నుంచి కారులో తూర్పుగా బయలుదేరితే, ఆపిల్ తోటలకు పేరుపడ్డ జూలియన్ ఊరు దాటిన కాసేపటికే పచ్చదనం పలచబడి, బూడిదరంగు కొండలు ఎదురవుతాయి. అదే అంజా-బొర్రెగో. ఆరు లక్షల ఎకరాలకు పైగా విస్తరించిన ఈ ఎడారి కాలిఫోర్నియాలోకెల్లా పెద్ద స్టేట్ పార్కు. ఇక్కడి బిగ్‌హార్న్ అడవి గొర్రెలను ఫొటోలు తీయాలని మావారికీ నాకూ చాలాకాలంగా ఉన్న కోరిక గత అక్టోబరు చివర్లో తీరింది.

ఆ సమయాన్ని కావాలనే ఎంచుకున్నాం. ఏడాదిలో ఎక్కువ భాగం మందకు దూరంగా తిరిగే పెద్ద పొట్టేళ్లు, జతకట్టే కాలమైన వేసవి చివరి నుంచి శరదృతువు వరకు ఆడగొర్రెల దగ్గరకు చేరుతాయి. ఆగస్టులో వెళ్తే అవి దొరకవచ్చు గాని, ఆ ఎండలో మనం నిలవలేం.

బొర్రెగో పామ్ క్యాన్యన్ కాలిబాట రానూపోనూ దాదాపు 5 కిలోమీటర్లు. లోయ ముఖం తూర్పుకు ఉండడం వల్ల తొలి ఎండ నేరుగా లోపలికి వస్తుంది కాబట్టి, వెలుగు రాకముందే నడక మొదలుపెట్టాం. 2004లో వచ్చిన మెరుపు వరద పెళ్లగించి తెచ్చిన తాటిజాతి చెట్ల మొద్దులు కనిపించినప్పుడు, చుక్క నీరు లేని ఆ వాగులో అంత ప్రవాహం ఎలా పారిందో ఊహకు అందలేదు.

ఈ గొర్రెలను వెతకడమే అసలు విద్య. ఒంటిరంగు రాతిరంగులో కలిసిపోతుంది. మావారు దుర్భిణితో కొండ అంచులను గాలిస్తూ ఉంటే, నేను కళ్లు మూసుకుని చప్పుళ్లు విన్నాను. గులకరాళ్లు జారిన శబ్దం వచ్చిన వైపు చూస్తే ముందుగా కనబడింది తెల్లటి పిరుదు మచ్చ. ఒకటి కనబడ్డాక, అంతవరకు రాళ్లనుకున్నవే నాలుగు ఆడగొర్రెలుగా, ఆ ఏడాది పుట్టిన ఒక పిల్లగా కదలసాగాయి. వాటి వెనుక పొట్టేలు.

ఒంటిమీద ఉన్ని కనబడదు; మన నెల్లూరు గొర్రెల్లాగే పొట్టి వెంట్రుకలు. కొమ్ములు మాత్రం చెంపల పక్కగా నిండు చుట్టు తిరిగి, కొనలు విరిగి మొద్దుబారి ఉన్నాయి. దుప్పి కొమ్ముల్లా ఇవి ఏటా రాలిపోవు. బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. వాటిమీది వలయాలను బట్టి వయసు అంచనా కట్టవచ్చు. ఒక ఆడగొర్రె మూత్రం విడిచిన చోట పొట్టేలు మూతి పెట్టి వాసన చూసి, మెడ ఎత్తి, పైపెదవి ముడిచి అలా నిలబడిపోయింది. ఎద జాడ తెలుసుకునే పద్ధతి అది. తెలియనివాళ్లకు నవ్వుతున్నట్టు కనిపిస్తుంది, నాకూ అలాగే కనిపించిందని ఒప్పుకోవాలి.

బాట దిగకుండా, ఒక బండ పక్కన కూర్చుని తీశాం. మేత నమలడం ఆపి అవి మనవైపే చూస్తున్నాయంటే మనం ఎక్కువ దగ్గరకు వచ్చామని అర్థం. అటువంటప్పుడు లేచి వెనక్కి జరగడమే మర్యాద. తొమ్మిది గంటలయ్యేసరికి వేడెక్కిన రాళ్ల మీద గాలి కదలడంతో, 600 మిల్లీమీటర్ల లెన్సులో బొమ్మ నీళ్లలో చూసినట్టు వణకసాగింది. ఎంత ఖరీదైన లెన్సూ దానికి మందు కాదు.

ఈ కొండల్లోని జాతి 1990ల మధ్య నాటికి మెక్సికో సరిహద్దుకు అమెరికా వైపున 300 లోపుకు పడిపోవడంతో, 1998లో కేంద్ర ప్రభుత్వం దీన్ని అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జంతువుగా ప్రకటించింది. పెంపుడు మందల నుంచి సోకే జబ్బులు, కొండ సింహాలు, కొండవాలుల దాకా పెరిగిన ఊళ్లు, చెలమల దగ్గర పాతుకుని నీటిని పీల్చేసే పరాయి టామరిస్క్ పొదలు, ఇవన్నీ కారణాలే. సంఖ్య ఆ తరువాత కొంత కోలుకుంది. 1971లో మొదలైన గొర్రెల లెక్క జూలై ఎండల్లో జరుగుతుంది. చలికాలంలో మేతలోని తేమతోనే చాలాకాలం గడిపే ఈ జంతువులు, మండువేసవిలో నీటికి దిగక తప్పదు. ఆ చెలమల దగ్గరే స్వచ్ఛంద సేవకులు రోజంతా కూర్చుని లెక్కిస్తారు. ఫొటో కోసం అక్టోబరు దాకా ఆగిన మాకు వాళ్ల ఓపిక ముందు గొప్ప చెప్పుకునేదేమీ లేదు.

ఇంటికి వచ్చాక ఫొటోల దగ్గర వాదన మొదలైంది. మావారు తీసినవాటిలో పొట్టేలు ముఖమే ఫ్రేమంతా నిండి, కంటిరెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టేలా ఉన్నాయి. నేను తీసినదాంట్లో కొండవాలు మొత్తం ఉంది. దాని మధ్య మంద చిన్నగా కనిపిస్తుంది. నీడ, మేత, తప్పించుకునే దారి అన్నీ కనిపించినప్పుడే అది ఎడారి గొర్రె అనిపించుకుంటుందని నా పట్టుదల. "అంతా బాగానే ఉంది గాని, గొర్రె ఎక్కడ?" అన్నారాయన. ఇప్పటికి హాల్లో ఆయన ఫొటోయే వేలాడుతోంది.