అంబలి చెంబు, నీళ్ల సీసా

మంగళవారం, రాత్రి

మే నెలలో తిరుపతి గాంధీ రోడ్డు మీద బట్టల కొట్టు నడిపేవారికి పదకొండు దాటితే వేడిగాలి గల్లాపెట్టె దాకా వస్తుంది. నిరుటి వేసవిలో నేను రెండు లీటర్ల సీసా పక్కన పెట్టుకుని నీళ్లు గటగటా తాగేవాణ్ణి. అరగంటకోసారి మూత్రానికి లేవడం, వచ్చి కూర్చోగానే మళ్లీ నాలుక పిడచకట్టుకుపోవడం, రాత్రి పడుకుంటే పిక్కలు పట్టేయడం, ఇదే వరుస. ఎంత తాగామన్నది కాక, తాగినదానిలో ఎంత ఒంట్లో నిలిచిందన్నదే అసలు లెక్క అని నాకు అప్పటికి తెలియదు.

2016లో బ్రిటన్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం గురించి చదివాక ఆ లెక్క బోధపడింది. 72 మంది పురుషులకు ఒక్కో పానీయం లీటరు చొప్పున అరగంటలో తాగించి, ఆ తరువాత వచ్చిన మూత్రాన్ని కొలిస్తే, పాలు, ఓఆర్ఎస్ ద్రావణం మామూలు నీళ్లకన్నా ఎక్కువసేపు ఒంట్లో నిలిచాయట. పాలలోని మాంసకృత్తులు, చక్కెర, కొవ్వు కడుపు ఖాళీ కావడాన్ని నెమ్మది చేస్తాయి. సోడియం నీటిని పట్టి ఉంచుతుంది. ఓఆర్ఎస్‌లోని గ్లూకోజు, సోడియం జతగా పేగు గోడను దాటుతూ నీటిని వెంట తీసుకుపోతాయి.

అమ్మ ఇవేమీ చదవలేదు. రాత్రి నానబెట్టిన రాగిపిండిని తెల్లవారి ఉడికించి, గోరువెచ్చగా అయ్యాక అన్నం మెదిపి, మజ్జిగ పోసి, ఉప్పు వేసి, పైన ఎర్రగడ్డ ముక్కలు చల్లి, ఇత్తడి చెంబుతో నా ముందు పెడుతుంది. "కడుపు నిండా తాగిపో నాయనా, మధ్యాన్నం దాకా దప్పిక కాదు" అంటుంది. అంబలిని, మజ్జిగను ఆ అధ్యయనంలో కొలవలేదు. పలచని మజ్జిగ పాలతో సమానమని నేను అనను. అయినా చెమటతో ముఖ్యంగా పోయేవి నీళ్లూ ఉప్పే కనుక, ఆ రెండూ కలిసిన చెంబు మీద నాకు గట్టి నమ్మకం కుదిరింది. ఈ వేసవిలో పిక్కలు పట్టలేదు. అమ్మకు రక్తపోటు ఉంది కాబట్టి ఆమె గ్లాసులో మాత్రం ఉప్పు వేయము.

ఈరోజు మధ్యాహ్నం కుర్రవాడు నన్నారి సోడా తెస్తానన్నాడు. దాని వాసన నాకు ప్రాణమే గాని, అంత తీపి పాకం దప్పికకు మందు కాదు, నాలుకకు సంబరం. అందుకని కొబ్బరి బోండం తెమ్మన్నాను. అందులో పొటాషియం పుష్కలం, సోడియం తక్కువ, కనుక చెమటలు కారిన రోజున దాని తరువాత ఒక ఉప్పు మజ్జిగ పడాలి.

నేను దిద్దుకోవలసిన తప్పు ఒకటి మిగిలింది. కాఫీ ఒంట్లో నీళ్లు లాగేస్తుందని విని, నెల రోజులుగా అమ్మకు సాయంత్రం కాఫీ మానిపించాను. ఆ అధ్యయనంలోనే కాఫీకి, టీకి, నీళ్లకు చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. రోజూ తాగే అలవాటున్నవారికి మామూలు మోతాదు కాఫీతో నీళ్లు తరిగిపోవు. ఇంటికి రాగానే డికాషన్ దించి, చిక్కటి పాలు కాచి, నేనే కలిపి ఇచ్చాను. అమ్మ రెండు చేతులా గ్లాసు పట్టుకుని, తొలి గుక్క మింగి, "రేపటికి రాగిపిండి నానబెట్టినావా?" అని అడిగింది. ఇప్పుడే లేచి నానబెట్టి వచ్చాను.