ముందు బెర్త్: 31 సెంటీమీటర్ల దగ్గర మొండికేసిన చట్రం

మా పడవ ముందు బెర్త్‌కి నేను చేసిన జారే చట్రం మళ్ళీ అక్కడే పట్టేసింది. 31 సెంటీమీటర్లు. మూడు వారాల్లో మూడు రకాలుగా సరిచేశాను. ప్రతిసారీ తిరిగి తిరిగి దాదాపు ఆ అంకె దగ్గరికే వచ్చి ఆగుతోంది. ఇవాళ మధ్యాహ్నం కారణం దొరికింది. దొరికాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మాది 27 అడుగుల పడవ. ముందు కొనలో వి-బెర్త్ (V ఆకారపు పడక), పరుపు పైభాగం నేల నుంచి 94 సెం.మీ. ఎత్తు. తలుపు దాటగానే గోడలా ఎదురొస్తుంది. ముందు ఒక మోకాలు పైకెక్కించి, పాక్కుంటూ లోపలికెళ్ళి, పైకప్పుకి తల తగలకుండా వెనక్కి తిరిగి పడుకోవాలి. రాత్రి గాలి దిశ మారి, లంగరు పట్టు ఎలా ఉందో చూసి రావాలంటే ఇదంతా వెనక నుంచి ముందుకి చేయాలి. పైగా మా ఆవిడ కాలో చెయ్యో తొక్కకుండా.

అందుకే బెర్త్ వెనక అంచు మధ్యలో 52 సెం.మీ. వెడల్పున, ముందు కొన వైపు 42 సెం.మీ. లోపలికి దీర్ఘచతురస్రంలా కోసేశాను. ఇప్పుడు ఆ ఖాళీలో నిలబడి, తిరిగి, పరుపు మీద కూర్చుని, కాళ్ళు పైకి తీసుకోవచ్చు. పడుకునేటప్పుడు ఆ ఖాళీ మూయాలి. తీసి పెట్టే పలకైతే ఒక్క పూట పని. కానీ అర్ధరాత్రి చీకట్లో ఆ పలక తీసి ఎక్కడ పెట్టను? మధ్య గదిలో నేల మీద పెడితే మర్నాడు కాలి వేలు విరుగుతుంది. అందుకని పలక వద్దనుకుని, లోపల నుంచి బయటికి జారే పట్టీల చట్రం చేశాను. ఐదు పట్టీలు బెర్త్‌కి బిగించి ఉంటాయి, వాటి సందుల్లో ఆరు పట్టీలు జారతాయి. జారే వాటి చివర్లన్నీ ఒకే అడ్డపట్టీకి స్క్రూలతో బిగించాను. పూర్తిగా లాగితే అడ్డపట్టీ వెళ్ళి తలుపు పక్క గోడకున్న బద్దె మీద కూర్చోవాలి.

కోత, కోసిన అంచు కింద 12 మి.మీ. మెరైన్ ప్లైతో పెట్టిన దన్ను, ఫైబర్‌గ్లాస్ అతుకులు, మెట్టు అన్నీ మొదటిసారికే కుదిరాయి. పరుపు ఫోమ్ కరెంటు కత్తితో కోస్తే వెన్నలా తెగింది.

ఇక చట్రం సంగతి. పట్టీలు ఆష్ చెక్కవి, 45 మి.మీ. వెడల్పు, 18 మి.మీ. మందం, 50 సెం.మీ. పొడవు. సందు 2 మి.మీ. షెడ్డులో బల్ల మీద రెండు చేతులతో లాగితే పట్టులా జారింది. వీడియో కూడా తీసుకున్నాను, అంత సంబరం. పడవలో బిగించి లాగితే 31 సెం.మీ. వచ్చి బిగుసుకుపోయింది. ఇంకా 11 రావాలి. బలంగా గుంజితే ఇంకా గట్టిగా పట్టుకుంది.

మొదటి అనుమానం తేమ మీద. పడవలో చెక్క ఉబ్బడం కొత్తేమీ కాదు కదా. వెర్నియర్ (సన్న కొలతలు తీసే పరికరం) పెట్టి చూస్తే జారే పట్టీలు 45.4 దాకా వచ్చాయి. అంటే సందు ఇంకా 1.6 ఉంది, నిజానికి చాలు. అయినా ఆరింటినీ విప్పి, పక్కకి అర మిల్లీమీటరు చొప్పున చిత్రిక పట్టి, మళ్ళీ వర్నిష్ వేసి బిగించాను. ఈసారి 30 దగ్గరే ఆగింది! సందు పెరిగితే జారుడు పెరగాలి గానీ తగ్గడమేంటి? అసలు జవాబు అందులోనే ఉంది. నేను మాత్రం కొలిచింది తప్పేమో అనుకుని వదిలేశాను.

రెండో అనుమానం మూలల మీద. ఖాళీకి కర్ణాలు కొలిస్తే ఒకటి 668, ఇంకోటి 664. ఒక పక్క సన్న ప్లై ముక్కలు దూర్చి తేడాని 1 మి.మీ.కి తెచ్చాను. ఫలితం 31.

మూడోది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది. మాస్టుని (తెరచాప స్తంభాన్ని) పట్టి ఉంచే తీగలు బాగా బిగిస్తే చిన్న పడవల్లో లోపలి తలుపులు పట్టేయడం మామూలే, మా పడవలోనూ చూశాను. అదే బిగువు బెర్త్‌ని కూడా వంచుతోందేమోనని టర్న్‌బకిల్స్ (తీగల బిగువు సరిచేసే మరలు) అన్నీ రెండేసి చుట్లు వదులు చేశాను. మళ్ళీ 31. ఆదివారం మిగిలిన సగం ఆ తీగల్ని తిరిగి సరిగ్గా బిగించుకోవడంతోనే అయిపోయింది.

ఇవాళ టార్చి పట్టుకుని, తల ముందు కొన వైపు పెట్టి బెర్త్ మీద పడుకున్నాను, ఎక్కడ రాసుకుంటోందో చూద్దామని. కదలకపోతే విసుగొచ్చి, పరుపు జారకుండా అడ్డపట్టీకి పెట్టిన 3 సెం.మీ. గట్టు మధ్యలో కుడి మడమ ఆనించి ఒక్క తోపు తోశాను. చట్రం సర్రున వెళ్ళి బద్దె మీద టక్కున కూర్చుంది. టార్చి చేతిలోంచి జారి ముఖం మీద పడింది.

మా పడవలో మాస్టు బరువు మోసే స్తంభం సరిగ్గా మధ్యలో ఉంటుంది. అందువల్ల తలుపు ఎడమకి జరిగింది. తలుపు దగ్గర నిలబడి లాగితే నా చేతికందేది అడ్డపట్టీ ఎడమ కొనే. బీరువాలో వెడల్పాటి సొరుగుని ఒక మూల పట్టుకుని లాగితే ఏమవుతుందో అదే ఇక్కడా అవుతోంది. చట్రం వంకర తిరిగి, పట్టీలు ఐమూలగా ఒరుసుకుని పట్టేస్తాయి. సందు పెంచితే వంకర తిరగడానికి ఇంకాస్త చోటిచ్చినట్టే. 30 దగ్గర ఆగింది అందుకే.

లెక్క కూడా చిన్నదే. మధ్యగీతకి చేయి ఎంత దూరంలో ఉందో దాన్ని ఘర్షణ గుణకంతో, మళ్ళీ రెండుతో గుణించాలి. పట్టీలు ఒకదాని పక్కన ఒకటి ఉన్న పొడవు అంతకన్నా తగ్గితే, ఏనుగుని కట్టి లాగించినా కదలదు, ఎందుకంటే లాగే బలంతో పాటు ఘర్షణ కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. నా చేయి మధ్యకి 240 మి.మీ. దూరంలో ఉంది. చెక్క మీద చెక్కకి 0.4 వేసుకుంటే 192 మి.మీ. వచ్చింది. 50 సెం.మీ. పట్టీ 31 బయటికొస్తే లోపల మిగిలేది 19. అంకె అంత చక్కగా కుదరడం నా గొప్ప కాదు, ఆ 0.4 నేను ఎంచుకున్నదే.

తాత్కాలికంగా అడ్డపట్టీ మధ్యలో 25 మి.మీ. నాడా ఒకటి కట్టాను. తలుపు దగ్గర నుంచి ఏటవాలుగా లాగినా వచ్చేస్తోంది. కానీ నాడాతో లాగగలం గానీ నెట్టలేం. రాత్రి లేచి లోపలికి తోయాల్సింది అటు పడుకున్న మనిషే, అదీ ఒక కొన నుంచే.

నున్నటి ప్లాస్టిక్ టేపు అంటిస్తే గుణకం 0.2కి దిగుతుందని నా అంచనా. అప్పుడు 96 మి.మీ. పట్టు (లోపల మిగిలే పొడవు) చాలు. ఇప్పుడు చివర్లో మిగిలేది 80 మాత్రమే, అంటే ఆఖరి ఒకటిన్నర సెంటీమీటర్లు మళ్ళీ మొండికేస్తాయి. పట్టీలు 53కి పెంచితే పట్టు 110 అవుతుంది. అంతకు మించి పెంచలేను, నీళ్ళ ట్యాంకు మూత అడ్డం. సిలికాన్ స్ప్రే కొట్టమని చెప్పేవాళ్ళుంటారు. దయచేసి వద్దు, ఆ తర్వాత అక్కడ వర్నిష్ గానీ ఎపాక్సీ గానీ సరిగ్గా పట్టదు. కొవ్వొత్తి మైనం నయం. అలాగే బద్దెని 3ఎమ్ 5200 అనే శాశ్వతంగా పట్టే జిగురుతో అంటించనందుకు నన్ను నేనే మెచ్చుకుంటున్నాను. వాడింది అంత మొండిగా పట్టని సికాఫ్లెక్స్ 291 కాబట్టి అవసరమైతే ఓపికగా కోసి విప్పగలను, 5200 అయితే బద్దెతో పాటు గోడ పొర కూడా ఊడొచ్చేది.

అసలు మనసు మాత్రం ఇంకో దాని మీద ఉంది. పాత డ్రాయింగ్ బోర్డుల మీద అడ్డంగా జారే స్కేలు గుర్తుందా? ఏ కొన పట్టుకుని జరిపినా సమాంతరంగానే కదిలేది. కింద రెండు తాళ్ళు కత్తెరలా అడ్డంగా దాటుకుని, రెండో కొనని కూడా అంతే లాగేవి. అదే పద్ధతి బెర్త్ కింద పెడితే తోసినా లాగినా బాధ ఉండదు. 3 మి.మీ. డైనీమా (దాదాపు సాగని రకం) తాడు, నాలుగు చిన్న కప్పీలు చాలు. నైలాన్ సాగుతుంది కాబట్టి పనికిరాదు. కప్పీలకి పట్టీల కింద 22 మి.మీ. చోటు మాత్రమే ఉంది. రేపు అట్టముక్కతో నమూనా కోసి, ట్యాంకు మూత తెరుచుకుంటుందో లేదో చూడాలి.