సెవిల్‌లో పిలాతు పేరిట ఒక భవనం
స్పెయిన్ దేశపు సెవిల్ నగరంలోని ‘కాసా దె పిలాతోస్’ను చూశాక, అక్కడి రాజప్రాసాదమైన అల్కాసర్ కన్నా ఇదే నా మనసుకు ఎక్కువ దగ్గరైంది. 15వ శతాబ్దం చివర మొదలైన ఈ కట్టడానికి, 1518–1520 మధ్య జెరూసలేం యాత్ర చేసి ఇటలీ మీదుగా తిరిగివచ్చిన ప్రభువు ఫద్రికె ఎన్రికెస్ దె రిబేరా, జెనోవా నుంచి పాలరాతి సింహద్వారాన్ని తెప్పించి కొత్త రూపమిచ్చాడు. యేసుకు మరణశిక్ష విధించిన రోమన్ అధికారి పిలాతు ఇంటి నుంచి సిలువ వేసిన చోటు దాకా సాగిన దారిని తలపించేలా, ఇక్కడి నుంచి ఆయన నెలకొల్పిన సిలువ మార్గం అనే ప్రార్థనా యాత్ర వల్లనే దీనికి పిలాతు పేరు స్థిరపడిందని చెబుతారు.

నడిమి ముంగిలిలో రోమన్ చక్రవర్తుల శిరోవిగ్రహాల వెనుక, గోడల పొడవునా 1530లలో పులీదో సోదరులు చేసిన రంగుల పలకలున్నాయి. దగ్గరికి వెళ్లి చూస్తే, ఒక రంగు పక్క రంగులోకి పారకుండా పలక మీద సన్నని మట్టి గట్లు ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. ఆ పైన ముదేజార్ (క్రైస్తవ పాలనలోని స్పెయిన్‌లో కొనసాగిన ఇస్లామిక్ శైలి) పనివారి సున్నపు నగిషీ ఎంత సహజంగా ఒదిగిందంటే, ఇస్లామిక్ కళ, ఇటలీ శిల్పం అని విడదీసి చూడాలని నాకు అనిపించనే లేదు.