‘ఆయ్’ అన్నంత మాత్రాన అర్థమైనట్టు కాదు

డయాలసిస్ మీదున్న మనిషిని ఇంటికి పంపుతూ డాక్టరుగారు "నీళ్లు తగ్గించండి, అర్థమైందా?" అంటారు. ఇంటివాళ్లు "ఆయ్" అంటారు. కోనసీమలో ఆయ్ అంటే విన్నామని, అంతే. ఇంటికెళ్లాక నీళ్లు నిజంగానే తగ్గిస్తారు. దాహమంటే పెరట్లో బొండాం కొట్టిస్తారు. అవి నీళ్లు కావుగా! కిడ్నీలో రాళ్లున్న పక్కింటాయనకి బొండాం మంచిదన్నారట, ఈయనదీ కిడ్నీయేగా అని ధైర్యం.

100 మిల్లీలీటర్ల కొబ్బరినీళ్లలో సుమారు 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. బొండాంలో 300 మిల్లీలీటర్లుంటే ఒక్కసారే 750 మిల్లీగ్రాములు లోపలికి పోయినట్టు. మంచి కిడ్నీ దాన్ని మూత్రంలో వదిలేస్తుంది, పాడైంది వదల్లేదు. రక్తపరీక్ష రిపోర్టులో 3.5 నుంచి 5 మధ్య ఉండాల్సిన పొటాషియం 6 దాటి పైకి పోతే గుండె లయ తప్పుతుంది, ఆగిపోవచ్చు కూడా. ముందుగా ఏ బాధా తెలియకపోవచ్చు. డయాలసిస్ ఒకటి తప్పినప్పుడైతే మరీ ముప్పు.

"ఉప్పు తగ్గించండి" అన్నా ఇదే తంతు. సోడియం తక్కువని రాసున్న ఉప్పు ప్యాకెట్ కొనుక్కొస్తారు. అందులో సోడియం బదులు కలిపేది పొటాషియమే. పొటాషియం నీళ్లలోకి దిగిపోవాలని కూర ముక్కలు ఉడికించి నీళ్లు వార్చమంటే వారుస్తారు, వార్చిన నీళ్లు చారులో పోస్తారు. పారబొయ్యమని విడిగా చెప్పాలి.

తగ్గించమనే మాటకి కొలత లేదు. డయాలసిస్ వాళ్లకి మామూలుగా చెప్పే లెక్క, రోజుకి వచ్చే మూత్రం మీద ఇంకో అర లీటరు. డాక్టరు వేరే అంకె చెబితే అదే. పొద్దున్నే సీసాలో ఆ కొలతకి నీళ్లు పట్టి పెట్టుకోవాలి. టీ, మజ్జిగ, చారు ఏది తాగినా అంత నీళ్లు సీసాలోంచి పారబొయ్యాలి. సీసా ఖాళీ అయితే ఆ రోజుకి అయిపోయినట్టే.

ఆసుపత్రిలో చెప్పేవాళ్లం ఇదంతా ఫైలు పట్టుకొచ్చిన మగాయనకి చెప్పి లాభం లేదు, వంట చేసే ఆవిడకి చెప్పాలి. ఆవిడ రాకపోతే ఫోన్లో అయినా సరే. చెప్పాక అర్థమైందా అనొద్దు. "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకుంటానమ్మా, రేపు పొద్దున్నుంచి ఏమేం తాగిస్తారో చెప్పండి" అనాలి. తప్పు మన మీద వేసుకుంటే వాళ్లకి చిన్నతనం ఉండదు. ఆ తర్వాత, "చూడ్డానికొచ్చిన చుట్టాలు బొండాలు తెస్తే?" అని అడగండి.

"మొహమాటానికి ఓ సగం ఇస్తామండి" అంటే, మళ్లీ మొదట్నుంచి చెప్పాలి.