విక్రాంత్ అండమాన్‌లో ఉంది మాస్టారూ

మా బడి పూర్వ విద్యార్థుల సంచిక కమిటీవాళ్లు మూడుసార్లు ఫోన్ చేశారు. మూడోసారి "ఏట్రా, వ్యాసం ఏదీ?" అని పొట్టిగాడు నిలదీస్తే, "విక్రాంత్ అండమాన్‌లో ఉందిరా" అన్నాను. అవతల అదే పాత నవ్వు. ఇక రాయక తప్పలేదు.

ఆరు నుంచి తొమ్మిది దాకా నాకేమీ గుర్తులేదు. పదోక్లాసులో మిగిలింది ఒక్క రోజు, 2003 డిసెంబరు వైజాగ్ ఎక్స్‌కర్షన్. బస్సులో గుండుగాడు చేసింది రాయనని మాటిచ్చాను, రాయను.

మ్యూజియంగా మార్చిన సబ్‌మెరైన్ కుర్సురా బీచ్‌కి వచ్చి అప్పటికి ఏడాది దాటింది. బయట నుంచి 91 మీటర్ల పొడుగు, లోపల మాత్రం ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి నడవాల్సిందే. అందులో డెబ్బై అయిదుమంది కాపురం! గుండ్రటి తలుపులో సోషల్ మాస్టారు, ఆయన గొడుగు కలిసి ఇరుక్కున్న ఘట్టం కొత్తగా చెప్పేదేముంది. "గొడుగు ముందివ్వండి సార్" అని గైడు ఎంత మొత్తుకున్నా ఇచ్చారా?

బయటికొచ్చాక విక్టరీ ఎట్ సీ యుద్ధ స్మారకం దగ్గర మొదలైంది మాస్టారి అసలు క్లాసు. 1971, పాకిస్తాన్‌తో యుద్ధం. మన విమానవాహక నౌక విక్రాంత్‌ని అండమాన్‌లో దాచి, వైజాగ్‌లోనే ఉన్నట్టు నమ్మించారు. దాన్ని ముంచడానికి పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ ఇంతదూరం వచ్చి, డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక ఈ రేవు బయటే మునిగిపోయింది. ఒక్కడూ బతకలేదు. "మన యుద్ధనౌక రాజ్‌పుత్ ముంచిందని మనవాళ్లు, ప్రమాదమని వాళ్లు. పరీక్షలో మాత్రం మొదటిదే రాయండి." తర్వాత నావైపు తిరిగి, "ఘాజీ విక్రాంత్ కోసం వెతికినట్టే నేనూ వీడి హోంవర్క్ నోట్సు కోసం వెతుకుతున్నా" అన్నారు. ఆ ముక్కే ఏడాదంతా మనందరికీ సాకైంది.

పులిహోర పొట్లాలు చల్లారినా ఆయన ఆపలేదు. అందుకే కైలాసగిరి చేరేసరికి పొద్దు వాలిపోయింది. రోప్‌వే దగ్గర చాంతాడంత క్యూ. శివపార్వతుల దగ్గర ఫొటో కూడా చీకట్లోనే (అందులో నల్లగా ఉన్నది నేనే). కింద బీచ్‌రోడ్డు దీపాలు వంపు తిరుగుతూ వెలుగుతుంటే, దూరంగా డాల్ఫిన్స్ నోస్ కొండ కేసి గొడుగెత్తి, "అదిగో, ఆ నీళ్లలోనే ఉంది ఘాజీ" అన్నారు. ఆడపిల్లలు కూడా గోల మానేశారు.

లెక్కల్లో 36 వచ్చినవాణ్ణి, ఇప్పుడు షిప్‌యార్డులో వెల్డింగ్ తనిఖీ చేస్తున్నాను. అతుకు మీద నా సంతకం పడితేనే ఆ ప్లేటు నీళ్లు ముట్టుకుంటుంది. సొంత ఇల్లూ అయింది, మేడ మీంచి సముద్రం ఓ పీలికంత కనిపిస్తుంది.

మొన్న ఆదివారం మా అమ్మాయిని కైలాసగిరి ఎక్కించాను. ఎండ లేకపోయినా గొడుగు పట్టుకెళ్లాను. దాంతోనే చూపించాను, అదిగో అక్కడ అని.

"నాకేం కనబడట్లేదు నాన్నా."

"మాకూ కనబడలేదమ్మా."