జొహోర్ గట్టుకు అటూ ఇటూ

సింగపూర్‌లో మా తమ్ముడి ఇల్లు ఉడ్‌ల్యాండ్స్‌లో, మలేషియా సరిహద్దు పక్కనే. పడగ్గది కిటికీ తీస్తే అవతలి దేశం మేడలు కనిపిస్తాయి. మధ్యలో సన్నటి జలసంధి, దాని మీద కిలోమీటరుకు కాస్త పైచిలుకు పొడవున్న గట్టు. తెల్లవాళ్ల కాలంలో రాళ్లు పోసి కట్టి 1924లో తెరిచారట. అందరూ కాజ్‌వే అంటారు. ఓ శనివారం దాని మీదుగా మలేషియాలోని జొహోర్ రాష్ట్ర రాజధాని జొహోర్ బారు వెళ్లాం.

బస్సు ఇలా ఆగిందో లేదో జనం చెక్‌పోస్టు మెట్ల మీదికి ఒకటే పరుగు. పాస్‌పోర్టు పని ముగించుకుని దిగి మళ్లీ బస్సెక్కాలి, గట్టు దాటాక మలేషియా వాళ్ల దగ్గర అదే తంతు. ఆ కాస్త దూరానికి రెండు గంటలు పట్టింది. "ఇవాళ రష్ తక్కువే" అన్నాడు తమ్ముడు.

ఒక్క సింగపూర్ డాలరుకు మూడు మలేషియా రింగిట్లకు పైనే వస్తాయి. అందుకే సింగపూర్ వాళ్లకు జొహోర్ బారు పెద్ద సంత. మరదలు డిటర్జెంటూ డైపర్లూ సంచీల కొద్దీ కొంది, తమ్ముడు క్షవరం కూడా అక్కడే చేయించుకున్నాడు. పెట్రోలూ చవకే. కానీ సింగపూర్ బండి దేశం దాటాలంటే ట్యాంకులో ముప్పాతిక వంతు ముందే ఉండాలని రూలు పెట్టారు. లేకపోతే సింగపూర్ బంకుల్లో ఈగలు తోలుకోవాల్సిందే!

మధ్యాహ్నం భోజనం తమ్ముడితో పనిచేసే మలేషియా తెలుగాయన ఇంట్లో. ఆయన ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటల పనికి వచ్చాడట. రెండంతస్తుల సొంత ఇల్లు, ముందు కారు, ప్రహరీ పక్కన కరివేపాకు చెట్టు. సింగపూర్‌లో అయితే కారు కొనే హక్కు కోసమే వేలం పాడాలి. పదేళ్లు చెల్లే ఆ కాగితం ధర ఈ మధ్య లక్ష డాలర్లు దాటింది, కారు ఖరీదు వేరే. తమ్ముడు కొనుక్కున్న ప్రభుత్వ ఫ్లాట్ కూడా 99 ఏళ్ల లీజే.

మరి ఆ ఇల్లూ కారూ ఊరికే రాలేదు. ఆయన తెల్లవారుజామున నాలుగింటికి లేచి, బైకు మీద గట్టు దాటి, సింగపూర్ పడమటి వైపున్న జురాంగ్‌లో ఫ్యాక్టరీకి వెళ్తాడు. తిరిగొచ్చేసరికి రాత్రి ఎనిమిది. "జీతం అక్కడ, ఇల్లు ఇక్కడ. నిద్రే ఎక్కడా లేదక్కా" అని నవ్వాడు. వాళ్లావిడ నవ్వలేదు.

నా మటుకు నాకు సింగపూరే నచ్చింది. నాకు డ్రైవింగ్ రాదు. ఉడ్‌ల్యాండ్స్‌లో వాన పడుతున్నా తడవకుండా పైకప్పున్న నడకదారిలో బస్టాపు దాకా పోవచ్చు, రాత్రి పదింటికి ఒంటరిగా తిరగొచ్చు. ఆయన ఉండే కాలనీలో కారు తీయకుండా కూరగాయలు కూడా రావు, ఫుట్‌పాత్ సగంలోనే ఆగిపోతుంది.

అయినా ఏ దేశంలో బతుకు మేలని ఈ రెండింటికీ విడివిడిగా మార్కులెలా వేస్తారో అర్థం కాలేదు. 1962 ఒప్పందం ప్రకారం జొహోర్ నది నీళ్లు 2061 దాకా సింగపూర్‌కు రావాలి. వెయ్యి గ్యాలన్లకు మూడు సెన్లు, అంటే రింగిట్‌లో నూటికి మూడు వంతులు! ఆ నీటిలో కొంత శుద్ధి చేశాక మళ్లీ జొహోరే కొనుక్కుంటుంది. సింగపూర్ ఫ్యాక్టరీలు నడిపే చేతుల్లో ఎన్నో పొద్దున్నే జొహోర్ నుంచి వెళ్లినవే. జొహోర్ మాల్స్ నిండేది సింగపూర్ నుంచి వచ్చే డాలర్లతో. ఆ డాలర్ల వల్లే అద్దెలు పెరిగిపోయాయని రింగిట్లలో జీతం తీసుకునేవాళ్లు గొణుగుతున్నారట.

2026 ఆఖరుకల్లా నడపాలని రెండు దేశాలూ కొత్త రైలు మార్గం కడుతున్నాయి. అయిదు నిమిషాల ప్రయాణమట. "ఇక హాయే కదా" అన్నాను వచ్చేస్తూ ఆ తెలుగాయనతో. "రైలు ఉడ్‌ల్యాండ్స్ నార్త్‌లో దింపేస్తుందక్కా, నా ఫ్యాక్టరీ జురాంగ్‌లో. బైకు అమ్మను" అన్నాడు.